అవ్వ ముఖాన్ని కోయొద్దు, చుట్టూ తిరిగి చూడండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది తిరుపతి, కొర్లగుంట. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. చిన్నప్పటి నుంచి పెన్సిల్‌తో ముఖాలు గీయడం అలవాటు. ఫోటో ఇస్తే పోలిక దించేస్తానని మా వీధిలో పేరుంది. ఈ మధ్య పికాసో వాళ్ళ క్యూబిజం అనే చిత్రకళా పద్ధతి మీద మనసు పడింది. మా అవ్వకు 78 ఏళ్లు. రోజూ పొద్దున్నే వసారాలో కూర్చుని, కాలి బొటనవేలికి అరటినార తగిలించుకుని పూలు కడుతుంది. ఆమె బొమ్మను క్యూబిస్టు పద్ధతిలో వేయాలని ఫోన్లో ఫోటో తీసుకుని, కాన్వాస్ మీద పోలిక తెచ్చి, స్కేలుతో గీతలు కొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు నింపాను. పగిలిన అద్దంలో ముఖంలా వచ్చిందే గానీ నేను చూసిన పికాసో బొమ్మల్లా రాలేదు. అమ్మ చూసి "బతికున్న మనిషి ముఖాన్ని ఇట్లా ముక్కలు చేస్తారా, అరిష్టం" అని కాన్వాస్‌ను గోడవైపు తిప్పి పెట్టింది. అవ్వకు ఇంకా చూపించలేదు. నేను ఎక్కడ పొరపాటు పడ్డాను? మొదటి నుంచి ఎలా నేర్చుకోవాలి? ఏ రంగులు వాడాలి? నేర్పేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేరు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ఇబ్బంది ఫోటో దగ్గరే మొదలైంది. ఫోటో అంటే ఒక్క చోట నిలబడి, ఒక్క క్షణంలో చూసిన చూపు. దాన్ని ముప్పై ముక్కలు చేసినా, మూడొందల ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ ఉండేది ఆ ఒక్క చూపే. అందుకే మీకు పగిలిన అద్దం గుర్తొచ్చింది. క్యూబిజాన్ని మొదలుపెట్టిన పికాసో, బ్రాక్ ముందు ముఖం వేసి తర్వాత కోయలేదు. మనిషిని ఎదురుగా చూశారు, పక్కకు జరిగి చూశారు, లేచి నిలబడి పైనుంచి చూశారు, మర్నాడు మళ్ళీ చూశారు. అలా చూసినవన్నీ ఒకే కాన్వాస్ మీదికి తెచ్చి ఒకదానితో ఒకటి కలిపారు. ఆ కలిపే పనిలోంచి పుట్టినవే మీరు చూసిన ముక్కలు.

లెక్కల టీచరు కాబట్టి మీకిది ఇట్టే అర్థమవుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్ వేరుగా, ఎలివేషన్ వేరుగా గీస్తారు. పైనుంచి ఎలా ఉంటుందో ఒకటి చెబుతుంది, ఎదురుగా ఎలా ఉంటుందో ఇంకొకటి చెబుతుంది. ఆ రెండింటినీ ఒకే బొమ్మలో కలిపితే ఎలా ఉంటుందో మెట్జింగర్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1911లో వేసి చూపించాడు. "టీ టైమ్" అంటారు ఆ బొమ్మను, ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. ఒకామె చెంచా పట్టుకుని కూర్చుంది. ముందున్న కప్పూ సాసరూ నిలువునా రెండు సగాలు: ఒక సగం పక్కనుంచి చూసినట్టు, రెండో సగం కాస్త పైనుంచి చూసినట్టు. ఆమె ముఖమూ అంతే, కొంత ఎదురుగా, కొంత పక్కకు. ముఖం జోలికి పోకముందు మీరూ ఒక స్టీలు గ్లాసుతో ఇదే చేయండి. ఎడమ సగాన్ని కళ్ళ ఎత్తున పెట్టుకుని చూసి గీయండి, కుడి సగాన్ని నిలబడి వంగి చూసి గీయండి. గ్లాసు అంచు ఒకవైపు సరళరేఖగా వస్తుంది, రెండోవైపు సగం దీర్ఘవృత్తంగా వస్తుంది. మధ్యలో అవి రెండూ ఎలా కలవాలన్నది మీరే తేల్చుకోవాలి. కలిపే మార్గం ఒకటి కాదు, చాలా ఉంటాయి. నాలుగైదు రకాలుగా కలిపి చూడండి. ఒక్క సాయంత్రం పని.

పికాసో బొమ్మల గురించి ఒక మాట. మీరు ఏవి చూశారో రాయలేదు గానీ, ఫోన్లో ముందుగా కనబడేవి ఎక్కువగా 1930ల నాటివి. పక్కకు తిరిగిన ముక్కు, ఎదురుగా రెండు కళ్ళు, పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. 1937లో వేసిన "ఏడుస్తున్న స్త్రీ" అలాంటిదే. అవి గొప్ప బొమ్మలే, సందేహం లేదు. కానీ పికాసో వాటి దగ్గరకు వచ్చింది క్యూబిజంలో ఏళ్ల తరబడి పనిచేసిన తర్వాత. నేర్చుకునేవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడితే వంకర ముఖం వేయడం వస్తుంది, ముఖాన్ని కట్టడం రాదు. మీకు కావలసిన కాలం 1907 నుంచి 1914 వరకు. అందులోనూ 1910 నుంచి 1912 మధ్య వేసిన పోర్ట్రెయిట్లు.

వాటిలో మొదటి పాఠంగా నేను చెప్పేది పికాసో వేసింది కాదు, పికాసోను వేసింది. హువాన్ గ్రీస్ అనే స్పానిష్ చిత్రకారుడు 1912లో వేసిన పికాసో పోర్ట్రెయిట్. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, పెద్ద సైజు ఫోటో ఆన్‌లైన్లో దొరుకుతుంది. గ్రీస్ మ్యాడ్రిడ్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్చుకున్నవాడు. అతని గీతల్లో తొందర ఉండదు, లెక్క ఉంటుంది. నీలం, బూడిద, గోధుమ రంగులు తప్ప పెద్దగా ఏమీ లేవు. కోటు గుండీలు, చేతిలో రంగుల పలక చక్కగా గుర్తుపట్టొచ్చు. కాన్వాస్ అంతా ఏటవాలు గీతలు పరుచుకుని ఉంటాయి. అవి ముఖం దగ్గర మొదలై ముఖం దగ్గరే ఆగిపోవు, వెనకున్న ఖాళీలోకి కూడా సాగుతాయి. ఈ బొమ్మను పెన్సిల్‌తో ఒకసారి కాపీ చేయండి. కాపీ చేయడం చిన్నతనమేమీ కాదు. గీస్తున్నప్పుడే ఒక సంగతి మీ చేతికి తెలుస్తుంది: ప్రతి ముక్కా ఒక అంచు దగ్గర ముదురుగా మొదలై రెండో అంచుకు వచ్చేసరికి లేతబడుతుంది. మీ కాన్వాస్ మీద ప్రతి ముక్కకూ ఒకే రంగును సమంగా నింపారు. తేడా అక్కడ కనబడుతుంది.

పికాసో 1910లో వేసిన వొలార్, కాన్‌వైలర్ పోర్ట్రెయిట్లను ఆ తర్వాత చూడండి. ఇద్దరూ ప్యారిస్‌లో బొమ్మల వ్యాపారులు. అవి చదవడం కష్టం, మొదట్లోనే వాటితో కుస్తీ పడితే విసుగొస్తుంది.

ఇక అవ్వ దగ్గరకు వద్దాం. మీ అదృష్టం ఏమిటంటే ఆమె రోజూ ఒకే చోట, ఒకే పనిలో కూర్చుంటుంది. కదలకుండా కూర్చోమని అడగాల్సిన పనిలేదు. అడగకండి కూడా. చేతులు ఆడుతూ ఉంటేనే తల వంపు, మెడ వాలు సహజంగా ఉంటాయి. ఏ3 సైజు కార్ట్‌రిడ్జ్ పేపరు, చార్‌కోల్ తీసుకుని, ఒక్కో కాగితానికి పది నిమిషాలు మించకుండా గీయండి. ఎదురుగా ఒకటి. కుడి పక్క నుంచి ఒకటి. ముప్పాతిక ముఖం, అంటే ఎదురుకూ పక్కకూ మధ్యలో తిరిగిన ముఖం, రెండు వైపులా. నిలబడి పైనుంచి ఒకటి: పాపిట, కొప్పు, చేతులు, ఒళ్ళో పూలు. వసారా మెట్టు దిగి కింద కూర్చుని ఒకటి: గడ్డం అడుగు, ముక్కుపుటాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన కిటుకు ఇక్కడుంది. ప్రతి కాగితం మీదా కనుబొమల గీత నుంచి గడ్డం దాకా కొలత ఒక్కటే ఉండాలి. పన్నెండు సెంటీమీటర్లు అనుకోండి, అన్నిటికీ పన్నెండే. మనిషి తల నిటారుగా ఉన్నంతసేపు, ఎదురుగా చూసినా పక్కనుంచి చూసినా కనుబొమలు, ముక్కు అడుగు, పెదాలు కలిసే గీత, గడ్డం అదే ఎత్తులో ఉంటాయి కదా. అడ్డంగా ఆ నాలుగు గీతలు లేతగా గీసుకుని తర్వాత ముఖం మొదలుపెట్టండి. అప్పుడు ఎదురుగా వేసిన కాగితాన్నీ పక్కనుంచి వేసిన కాగితాన్నీ కిటికీ అద్దానికి ఆనించి, ఒకదాని మీద ఒకటి జరుపుతూ చూస్తే ఎదురు ముఖంలోకి పక్క ముక్కు చక్కగా వచ్చి కూర్చుంటుంది. ఆ నాలుగు గీతలూ కలవకపోతే ఎంత రంగు పూసినా రెండు వేర్వేరు మనుషుల ముఖాలు అతికించినట్టే ఉంటుంది. అవ్వ తల వంచి పూలు చూస్తున్నప్పుడు ఈ లెక్క తప్పుతుంది. కాబట్టి ఈ రెండు కాగితాలు ఆమె తలెత్తి మాట్లాడే వేళల్లో వేయండి. కబుర్లు చెప్పించండి. పైనుంచీ కిందినుంచీ వేసినవి ఆ గీతలకు లొంగవు, ఫరవాలేదు. వాటిలోంచి మనం తీసుకునేది పాపిట, చేతులు, గడ్డం అడుగు లాంటి భాగాలే.

ఈ కాగితాల మీద వంపు గీత ఒక్కటి కూడా వద్దు. కన్ను కూడా ఐదారు సరళరేఖల్లోనే రావాలి. మీకిది కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మీ చెయ్యి పోలిక దించడానికి అలవాటు పడింది. తెలియకుండానే నునుపు చేస్తుంది, బుగ్గను గుండ్రం చేస్తుంది. ఇంకో సంగతి, ముడతలను గీతలుగా గీయకండి. వయసున్న ముఖం కనబడగానే అందరి చెయ్యీ ముడతల మీదికే పోతుంది. అవి చర్మం మీది గీతలు. మీకు కావలసింది కింద ఎముక ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పే గీత. కణత లోపలికి పోయిన చోటు, చెంప ఎముక అంచు, దవడ కోణం, కంటిగుంత పైకప్పు. పెద్దవాళ్ళ ముఖంలో ఇవి స్పష్టంగా తేలి ఉంటాయి కాబట్టి ఈ పద్ధతికి మీ అవ్వ ముఖం ఎంతో అనుకూలం. బూరెబుగ్గల పిల్లాడిని ఎంచుకుని ఉంటే చాలా అవస్థ పడేవారు.

ముఖంలో పలకలు, అంటే బల్లపరుపు తలాలు, చూడడం ఎలా అంటారా? నేర్పేవాళ్ళు లేరన్నారు గానీ, చూపించేవాళ్ళు మీకు దగ్గర్లోనే ఉన్నారు. ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది కదా, కొయ్యబొమ్మల ఊరు. పూర్తయి పాలిష్ పెట్టిన బొమ్మలు చూడకండి. సగంలో ఉన్న తలను చూపించమని అడగండి. నుదురు ఒక పలక, దాని రెండు పక్కలా రెండు పలకలు, ముక్కు పైన ఒకటి, పక్కలు రెండు, అడుగు ఒకటి. చెంప ఇంకా గుండ్రపడి ఉండదు, ఉలి దెబ్బ తిన్న బల్లపరుపు తలంలా ఉంటుంది. కళ్ళు కూడా తెరుచుకోని ఆ దశలోనే ముఖం దేవుడిదో దేవతదో తెలిసిపోతూ ఉంటుంది. అనుమతి అడిగి, ఆ తలను చేతిలో తిప్పి చూస్తూ నాలుగు వైపులా గీసుకోండి. పికాసో కూడా 1909లో తన ప్రియురాలు ఫెర్నాండ్ తలను శిల్పంగా చేశాడు. ఆ శిల్పం ఫోటోలు వేర్వేరు వైపుల నుంచి తీసినవి దొరుకుతాయి, అవీ పెట్టుకుని గీయండి.

రెండో గురువు మీ మిద్దె మీద నుంచే కనబడుతుంది. శేషాచలం కొండల నిలువు రాతి గోడ ఊరికి ఉత్తరాన నిలబడి ఉంది కాబట్టి, పొద్దున్నే తూర్పు నుంచి, సాయంత్రం పడమటి నుంచి ఎండ దాని మీద ఏటవాలుగా పడుతుంది. పొద్దున వెలుగులో ఉన్న రాతి పలక సాయంత్రానికి నీడలోకి పోతుంది. దాన్ని మూడే షేడ్లతో, లేత, నడిమి, ముదురు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేయండి. తర్వాత రెండింటినీ కలిపి మూడో బొమ్మ వేయండి. కొన్ని పలకలు పొద్దుటివి, కొన్ని సాయంత్రానివి. క్యూబిస్టులు గురువుగా చెప్పుకున్న ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ తన ఊరి పక్కనున్న సాంత్ విక్టార్ కొండను ముసలితనం దాకా మళ్ళీ మళ్ళీ వేశాడు. 1906లో ఆయన పోయాక, మరుసటి ఏడు ప్యారిస్‌లో ఆయన బొమ్మలు చాలా ఒకచోట పెట్టారు. ఆ ప్రదర్శన పికాసో, బ్రాక్ తరం మీద గట్టి ముద్ర వేసింది. బ్రాక్ 1908లో వేసిన కొండవాలు ఇళ్ళ బొమ్మలు నేరుగా అక్కడి నుంచి వచ్చినవే.

ఆ సెజాన్ దగ్గర నుంచి వచ్చిన ఒక కిటుకు మీ "పగిలిన అద్దం" సమస్యకు నేరుగా మందు. ఫ్రెంచ్ వాళ్ళు పసాజ్ అంటారు. మీ కాన్వాస్ మీద ప్రతి ముక్క చుట్టూ గీత పూర్తిగా మూసుకుని ఉంటుంది, అవునా? చుట్టూ మూసేస్తే ఏ ముక్కకు ఆ ముక్క విడిపోతుంది. ఒక వైపైనా తెరిచి ఉంచండి. చెంప పలక అడుగు అంచు ముదురుగా, గట్టిగా ఉంటే, పై అంచు లేతబడుతూ పక్కనున్న కణతలోకి కరిగిపోవాలి. కణత అంచు ఇంకా కరుగుతూ వెనకున్న గోడలోకి పోవాలి. ముఖం ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో ఒకటి రెండు చోట్ల చెప్పలేకుండా ఉండాలి. కాన్‌వైలర్ పోర్ట్రెయిట్‌లో మనిషికీ గదికీ మధ్య గాలి ఆడుతున్నట్టు అనిపించేది ఇందుకే. మీరు వెనక గోడను ఒకే రంగులో వదిలేసి ముఖాన్ని మాత్రమే కోశారని నా ఊహ. గోడా, స్తంభమూ, తలుపు చట్రమూ, అవ్వా అన్నిటికీ ఒకే న్యాయం జరగాలి.

కూర్పు మొదలుపెట్టేటప్పుడు చిన్న చిన్న కాగితాల మీద, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద సైజులో, పది రకాలు గీసి చూడండి. ఏ చూపుకు పెద్దపీట వేయాలో ముందే తేల్చుకోండి. అన్నిటికీ సమాన వాటా ఇస్తే గందరగోళమే మిగులుతుంది. నేనైతే ముప్పాతిక ముఖాన్ని పునాదిగా పెట్టుకుని, ముక్కు పక్కచూపు నుంచి, ఒక కన్ను ఎదురుచూపు నుంచి, పాపిట, చేతులు పైచూపు నుంచి తీసుకోమంటాను. తర్వాత ఆ గీతలను సాగదీయండి. ముక్కు గీత పైకి పోయి తలుపు చట్రాన్ని తాకనివ్వండి. భుజం గీత స్తంభంలోకి పోనివ్వండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది బొటనవేలికి తగిలించిన నార. బొమ్మ మొత్తాన్ని నిలబెట్టగల గీత అది. కాలి వేలి నుంచి చేతుల దాకా బిగుతుగా, ఏటవాలుగా, నిజంగానే సరళరేఖగా ఉంటుంది. గ్రీస్ స్కేలు పెట్టి గీసుకున్న గీతను మీ అవ్వ రోజూ తన కాలితోనే లాగి పట్టుకుంటోంది! బొమ్మను తల, భుజాల దగ్గర ఆపేయకండి. కాలి బొటనవేలి దాకా రానివ్వండి, 18కి 24 అంగుళాల కాన్వాస్ తీసుకోండి. ఆ నార గీతను మొట్టమొదట పెట్టుకోండి. దానికి సమాంతరంగా మెడ వాలును, చీర కుచ్చిళ్ల అంచును, వీలైతే వసారా మెట్టు నీడను సర్దండి. చేతులను మాత్రం రెండు మూడు సార్లు వేయండి, ముడి వేసే ముందు ఒకటి, వేళ్ళు నార చుట్టూ తిరిగి మెలిక బిగించేటప్పుడు ఒకటి. ముఖంలో స్థలం మారుతుంది, చేతుల్లో సమయం మారుతుంది. చూసేవాళ్ళకు పని జరుగుతున్నట్టే ఉంటుంది.

పోలిక పూర్తిగా పోతుందేమోనన్న భయం వద్దు. కాన్‌వైలర్ బొమ్మలో అంతా విడిపోయినట్టు కనబడినా ఒక జుట్టు అల, టై ముడి, వాచీ గొలుసు, పెనవేసుకున్న చేతులు మిగిలి ఉంటాయి. వాటిని పట్టుకుని మనిషిని వెతుక్కుంటాం. మీ అవ్వకు అలాంటివి ఏవో మీకే తెలుసు. ముక్కుపుడక కావచ్చు, కళ్ళజోడు కాడ కావచ్చు, చెవి కమ్మ బరువుకు సాగిన తమ్మె కావచ్చు. మూడు నాలుగు చాలు. వాటిని మాత్రం ముక్కలు చేయకుండా, ఉన్నది ఉన్నట్టు, మీకు చేతనైనంత పోలికగా వేయండి. మీ పెన్సిల్ పేరు అక్కడ పనికొస్తుంది.

రంగులు. మొదటి బొమ్మకు ఆరు ట్యూబులు చాలు: టైటానియం వైట్, ఐవరీ బ్లాక్, యెల్లో ఆకర్, రా అంబర్, బర్న్ట్ సియెన్నా, కొంచెం ప్రష్యన్ బ్లూ. ఆ రోజుల్లో పికాసో, బ్రాక్ రంగులను ఇంతగా తగ్గించుకున్నది పలకలు ఎటు తిరిగాయన్నది స్పష్టంగా కనబడడానికే. కనకాంబరాల నారింజ చూసి మనసు లాగుతుంది. ఈసారికి ఆపుకోండి. ఆయిల్ కలర్స్ అయితే అంచులు కరిగించడానికి వీలుగా తడిగా ఉంటాయి. తిరుపతి ఎండలకు అక్రిలిక్ రంగుల పలక మీదే ఆరిపోతుంది, వాడితే ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కలుపుకోండి. అర అంగుళం ఫ్లాట్ బ్రష్షుతో చిన్న చిన్న అడ్డ గాట్లు పక్కపక్కన పెట్టుకుంటూ పోండి. బ్రష్షు గుర్తులు కనబడాలి, నునుపు చేయకండి. మొదటి పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ. పాత కాన్వాస్ మీద వేసింది అక్రిలిక్ అయితే పారేయక్కర్లేదు, సన్న గరుకు కాగితంతో రుద్ది జెస్సో అనే తెల్ల అడుగుపూత పూసి దాని మీదే కొత్తది మొదలుపెట్టొచ్చు.

సగం దాటాక అవ్వ ఎదురుగా కూర్చోవడం మానేయండి. కాన్వాస్‌ను లోపలి గదిలోకి తీసుకుపోయి, గీసుకున్న కాగితాలు, మీ జ్ఞాపకం, అంతే. పికాసో 1905, 1906ల్లో గెర్ట్రూడ్ స్టైన్ అనే రచయిత్రి పోర్ట్రెయిట్ వేస్తూ, ఆమెను ఎన్నోసార్లు కూర్చోబెట్టుకున్నాక తలను చెరిపేసి స్పెయిన్ వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి, ఆమె ఎదురుగా లేకుండానే ఆ తల పూర్తి చేశాడు. క్యూబిజానికి ముందు మెట్టు ఆ ముఖం. మనిషి ఎదురుగా ఉన్నంతసేపు కంటికి కనబడినదల్లా వేసేస్తాం. లేనప్పుడు చెయ్యి అవసరమైనదే వేస్తుంది.

అమ్మ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. తన తల్లి ముఖం అలా కనబడితే ఏ కూతురికైనా గుండె చివుక్కుమంటుంది. ఆమెను శ్రీకాళహస్తి కలంకారి బొమ్మల దగ్గరకు తీసుకెళ్ళండి. చాలా బొమ్మల్లో ఛాతీ మన వైపు ఉంటుంది, పాదాలు పక్కకు ఉంటాయి. ఆ మెలిక మనకెవరికీ తప్పుగా తోచలేదు. గుళ్ళో బ్రహ్మ విగ్రహం చూపించండి, ఎదురుగా ఒక ముఖం, రెండు పక్కలా రెండు పక్కముఖాలు. ఇవి క్యూబిజం అని నేననను. బ్రహ్మకు నిజంగానే నాలుగు తలలు, ఇక్కడ ఒకే తలను నాలుగు చోట్ల నుంచి చూస్తున్నాం. అయినా ఒకే రాతిలో ఎదురునూ పక్కనూ కలిపి చూడడం మన కంటికి కొత్త కాదని అమ్మకు తెలుస్తుంది. విదేశీ వ్యవహారం అని ఎవరైనా అంటే, 1920ల్లోనే కలకత్తాలో గగనేంద్రనాథ్ టాగోర్ ఈ పద్ధతిని తనదైన వెలుగునీడలతో వేశారని చెప్పండి.

అన్నిటికన్నా ముందు అవ్వను అడగండి. ఆమె ముఖం, ఆమె మాటే చెల్లాలి. చార్‌కోల్ కాగితాలు వరసగా నేల మీద పరిచి, "ఇవన్నీ కలిపి ఒకే బొమ్మ చేస్తానవ్వా" అని చెప్పండి. అంతా అయిపోయాక ఒక్కసారిగా చూపిస్తే ఎవరికైనా కంగారే. మొదటి నుంచీ చూస్తూ వస్తే ఆమె మీ పక్షాన మాట్లాడుతుంది. అమ్మ కోసం వేరుగా, మీకు చెయ్యి తిరిగిన పెన్సిల్ పద్ధతిలో అవ్వ పోలిక బొమ్మ ఒకటి వేసి హాల్లో పెట్టండి. అవ్వ వద్దంటే మాత్రం అక్కడితో ఆపేసి, మీ ముఖమే వేసుకోండి. అద్దాలు రెండు ఒక మూలలో కోణంగా నిలబెడితే మీ పక్కముఖం మీకే కనబడుతుంది. పైన చెప్పిన పాఠాలన్నీ దానికీ పనిచేస్తాయి.

ఈ గోధుమ రంగు బొమ్మ ఒకటి పూర్తయ్యాక రెండోదానికి రంగులు తెరవండి. 1912లో పికాసో పేము అల్లిక అచ్చు వేసిన గుడ్డను కాన్వాస్ మీద అతికించాడు. అదే ఏడు బ్రాక్ కాగితాలు కత్తిరించి అతికించడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి క్యూబిజంలో ముక్కలు పెద్దవయ్యాయి, రంగులు తిరిగొచ్చాయి. మీ ఇంట్లో సరుకు సిద్ధంగానే ఉంది: పూలు చుట్టి తెచ్చే న్యూస్‌పేపరు, పాత చీర అంచు, క్యాలెండర్ తేదీల కాగితం. క్యాలెండర్లో దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించకండి, ఇంట్లో నొచ్చుకుంటారు, తేదీల గళ్ళు చాలు. కనకాంబరాల నారింజను ఇక్కడ ధైర్యంగా వాడుకోండి, ఒక్కటే పెద్ద పలకగా. అతికించడానికి మైదా జిగురు వద్దు, పురుగు పడుతుంది. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, కాగితం వెనకా కాన్వాస్ మీదా రెండు చోట్లా పూసి, మధ్యలో నుంచి అంచులకు గుడ్డతో ఒత్తండి. న్యూస్‌పేపరు కొన్నేళ్లకు పసుపెక్కుతుంది. ఆనాడు వాళ్ళు అతికించిన కాగితాలు కూడా ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగాయి. అలా వద్దనుకుంటే పేపరును మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి ఆ కాపీని అతికించండి.